ఉప్పాఫీసు వారి మంచు యాత్ర

ఎన్నడూ చూడని వస్తువు గురించి నిర్ణయం తీసుకోవాలంటే ఏం కావాలి? బుద్ధి కావాలి, అనుభవం కావాలి అంటారు మీరు. అంటే మీరు ఏ ఆఫీసులోనూ పనిచెయ్యలేదన్నమాట. కావాల్సింది కమిటీ.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున నువ్వలపాడు. ఊరికి మూడు వైపులా ఉప్పు మడులు, నాలుగో వైపు ఉప్పు సముద్రం. ఏప్రిల్ వస్తే రోడ్డు మీది తారు చెప్పుని పట్టుకుని వదలదు. అలాంటి ఊళ్లో లవణ నాణ్యతా పర్యవేక్షణ కార్యాలయం ఉంది. జనానికి అంత పేరు పలికే ఓపిక లేదు కాబట్టి ఉప్పాఫీసు. ఉప్పు ఉప్పగా ఉందో లేదో చూసి ధ్రువీకరించడం ఆ ఆఫీసు పని. అలా చూసేవాళ్లని జీపులో మోసుకెళ్లడం నా పని. పేరు సూరపనాయుడు. ఆఫీసులో ఉన్నది నలుగురం. అధికారి జగన్నాథం గారు, హెడ్ క్లర్కు బలభద్ర పట్నాయక్ గారు, అటెండరు దాలమ్మ, నేను. మిగతా పదకొండు కుర్చీలూ ఖాళీ. వాటికి కూడా దాలమ్మే రోజూ దుమ్ము దులుపుతుంది.

ఏప్రిల్ నెలలో ఒక సర్క్యులర్ వచ్చింది. అంతకుముందు మా కమిషనర్ గారు ఒక చలి దేశం వెళ్లారు. అక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారట, ఆ చల్లుడు చూసి రావడానికి. చూశారు. చూసిన సంతోషంలో కాళ్లకి చెక్కలు కట్టుకుని మంచు మీద జారారు. జారి పడ్డారు. పడి లేచిన నాలుగు రోజుల్లో నలభై నిర్ణయాలు తీసుకున్నారట. అందులో మొదటిది ఈ సర్క్యులర్.

జగన్నాథం గారు మా నలుగురినీ గదిలోకి పిలిచి, అంటే మిగతా ముగ్గురినీ పిలిచి, గట్టిగా చదివారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మంచుపై జారు క్రీడ వలన ఉద్యోగులలో నిర్ణయశక్తి మూడింతలు పెరుగునని రుజువైనది. కావున ప్రతి కార్యాలయము తమ సిబ్బందికి విధిగా స్కీయింగ్ విహారము ఏర్పాటు చేయవలెను. ఎక్కడికి, ఎప్పుడు అను విషయము కార్యాలయమే స్వయముగా జూన్ ముప్పైలోగా తేల్చవలెను. తేల్చలేని కార్యాలయములకు నిర్ణయశక్తి లేదని భావించి, వాటిని మూసివేయు విషయము పరిశీలించబడును."

'మూసివేయు' దగ్గర ఆయన ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివారు.

"స్కీయింగ్ అనగా ఏమిటి పట్నాయక్ గారూ?"

"నిర్వచనం జతపరచలేదండి. రాసి అడుగుదామా?"

"నాకు తెలుసండి," అన్నాను నేను. "కాళ్లకి చెరో పొడుగు చెక్క కట్టుకోవాల. చేతుల్లో చెరో కర్ర పట్టుకోవాల. కొండ మీంచి కిందికి జారాలండి."

"జారి?"

"మళ్లీ పైకెక్కాలండి."

"ఎందుకు?"

"జారడానికండి."

జగన్నాథం గారు తల పంకించారు. ప్రభుత్వ పద్ధతికి దగ్గరగానే ఉందనిపించినట్టుంది.

టీ గ్లాసులు తీస్తున్న దాలమ్మ అక్కడే నిలబడిపోయింది. "మంచంటే తెల్లగా ఉంటాది కదా బాబూ?"

"తెల్లగానే ఉంటుంది."

"గుట్టలు గుట్టలుగా ఉంటాది కదా?"

"ఉంటుంది. నువ్వు గ్లాసులు తియ్యి."

"మరి కాలికి మంటెట్టదు కదా?"

పట్నాయక్ గారు ఆ ప్రశ్న కూడా రాసుకున్నారు, పైకి పంపడానికి.

బయటికొచ్చాక వరండాలో నన్ను పట్టుకుంది. మావైపు అక్కని అప్ప అంటాం. నేను ఆమెని దాలప్పా అంటాను, ఆమె నన్ను నోటికొచ్చినట్టు అంటుంది.

"ఒరే సూరపా, నాకు ఏడేళ్లప్పుడు మా యమ్మ మడిలో దింపేసినాది. మడమలు పగిలి, ఆ పగుళ్లలోకి ఉప్పు దిగితే ఎలాగుంటాదో నీకేటి తెలుసు, జీపులో కూకుని తిరిగే ముండావోడివి. ఈ ఉజ్జోగం వచ్చేదాకా ముప్పై ఏళ్లు అదే మంట. తెల్లగా ఉన్నదేటి కనపడినా నా కాలు ఎనక్కి పోతాది. ముగ్గేసిన వాకిట్లో కూడా జంకుతాను."

"అయితే?"

"తెల్లగా ఉండి మంటెట్టని దాంట్లో ఒక్కసారి నిలబడాలని ఉంది. మరేటక్కర్నేదు."

"అప్పా, యాత్ర ఉద్యోగంలో ఉన్నవాళ్లకే. నువ్వు జూన్ ముప్పై సాయంత్రం ఐదింటికి రిటైరైపోతావు."

"అందుకేరా నీతో సెప్పింది. వోళ్లు ఏదోటి తేల్చీలాగ సూడు."

మొగుడు వాచ్‌మన్‌గా చేస్తూ పోతే ఆ ఇంటికి ఇచ్చిన ఉద్యోగం ఆమెది. ఇరవై మూడేళ్లలో మమ్మల్ని ఎవర్నీ ఏదీ అడగలేదు. అడిగిన ఒక్క కోరికా తీరాలంటే మా ఆఫీసు డెబ్బై రోజుల్లో ఒక నిర్ణయం తీసుకోవాలి. నాకు ఆమె మీద జాలేసింది.

మొదట 'ఎప్పుడు' అన్నది తేల్చడానికి కూర్చున్నారు. గోడ మీది క్యాలెండర్ దించి బల్ల మీద పరిచారు. నన్ను ఫ్యాను తిప్పమన్నారు. కరెంటు లేదు కాబట్టి చేత్తో.

"మంచు దండిగా ఉండేది డిసెంబర్, జనవరి," అన్నారు జగన్నాథం గారు.

"అప్పుడు మడులు దున్నే కాలమండి. మన ధ్రువీకరణ లేకుండా దున్నకూడదు."

"ఫిబ్రవరి, మార్చి?"

"సంవత్సరాంతపు లక్ష్యాలండి."

"ఏప్రిల్, మే ఉప్పు పండే కాలం. మనం కదలకూడదు. పోనీ జూలై నుంచి నవంబర్ దాకా? వానలు, ఉప్పు ఉండదు, మనకి పనేమీ లేదు."

పట్నాయక్ గారు కళ్లజోడు తీసి తుడిచారు. "చిత్తం. కానీ సెలవనేది పని నుంచి ఇచ్చేదండి. పనే లేనప్పుడు దేన్నుంచి సెలవు ఇస్తాం?"

దీనికి జవాబు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మీకు తెలిస్తే రాయండి.

అలా కొట్టేసుకుంటూ వస్తే ఏడాదిలో జూన్ నెల చివరి రెండు వారాలు మిగిలాయి. అప్పుడు పట్నాయక్ గారు సొరుగులోంచి పంచాంగం తీశారు. ఆయన అది చూడకుండా పెన్నులో సిరా కూడా పొయ్యరు. వారశూల అని ఒకటుంది, ఫలానా వారం ఫలానా దిక్కుకి బయల్దేరకూడదని. మంగళ, బుధవారాలు ఉత్తరానికి పనికిరాదు. శుక్ర, ఆదివారాలు పడమరకి పనికిరాదు. మంచేమో వాయవ్యాన ఉంది. సోమ, శనివారాలు తూర్పుకి పనికిరాదు, రైలు స్టేషనేమో మా ఆఫీసుకి తూర్పున ఉంది. మిగిలింది గురువారం.

"గురువారం ఏం?" అన్నారు జగన్నాథం గారు ఆశగా.

"గురువారం మీరు మౌనవ్రతం కదండీ. టిక్కెట్టు ఎవరడుగుతారు?"

దాలమ్మ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. నా వైపు చూసింది. నేను ఫ్యాను ఊపుతూ ఉండిపోయాను.

'ఎప్పుడు' తేలకుండానే 'ఎక్కడ'లోకి వచ్చారు. ప్రభుత్వం ఏదైనా ఎంచుకోవాలంటే మూడు చోట్ల నుంచి కొటేషన్లు తెప్పించాలి. గుండుసూదికైనా అంతే, హిమాలయానికైనా అంతే. "మంచు కలిగిన వారు సీల్డు కవరులో దరఖాస్తు చేసుకోవలెను" అని నోటీసు బోర్డు మీద అంటించారు. పదిహేను రోజుల్లో సరిగ్గా మూడే కవర్లు వచ్చాయి. ఒకటి చేపల రేవు దగ్గరున్న ఐసు ఫ్యాక్టరీ నుంచి. రెండోది బస్టాండులో ఐసు గోలా బండివాడి నుంచి. మూడోది మా పక్కూళ్లో యాత్ర బస్సులు నడిపే కోటేశు నుంచి. వంటమనిషి, గిన్నెలు, గ్యాసు పొయ్యి అన్నీ బస్సులోనే పెట్టుకుని ముసలీ ముతకనీ కాశీకి, హరిద్వారానికి తిప్పుతుంటాడు. ఈసారి జూన్‌లో మనాలి దాకా పోతున్నాననీ, అక్కడ పై కనుమలో వేసవిలో కూడా మంచు ఉంటుందనీ, సాంబారు ఖాయమనీ రాశాడు.

ఐసు ఫ్యాక్టరీ మంచు దిమ్మలుగా ఉన్నది, ఏటవాలు లేదు అని తిరస్కరించారు. గోలా బండి మంచుకి రంగు వేసి ఉన్నది అని తిరస్కరించారు. కోటేశు కవరు మిగిలింది.

దాలమ్మ మొహం వెలిగింది. పట్నాయక్ గారు అప్పుడే నిబంధనల పుస్తకం తెరిచారు. "సిబ్బంది ప్రధాన స్థానం నుంచి ఎనిమిది కిలోమీటర్లు దాటితే పైఆఫీసు అనుమతి కావాలండి. అనుమతికి ఎనిమిది నెలలు."

"అంటే ఎనిమిది కిలోమీటర్ల లోపల మంచు కావాలి," అన్నారు జగన్నాథం గారు. ఆయన మొహంలో ఆఫీసు మూతబడినట్టే కనిపించింది.

నా నోరు మంచిది కాదు. మా ఆవిడ కూడా అదే అంటుంది. అంత బాధలో ఉన్న మనిషిని చూస్తే ఏదో ఒకటి అని నవ్విద్దామనిపిస్తుంది నాకు.

"ఎనిమిది ఎందుకండి, రెండో కిలోమీటరులోనే ఉంది కదా. తెల్లగా, గుట్టలుగా, ఏటవాలుగా. తాటాకులు కప్పి ఉన్నాయి, తీసేస్తే సరి."

నవ్వుతారనుకున్నాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"పట్నాయక్ గారూ, పోలిక పట్టిక గీయండి."

గీశారు. రంగు: మంచు తెలుపు, ఉప్పు తెలుపు. ఆకారం: రెండూ గుట్ట. నీళ్లు తగిలితే: రెండూ కరుగును. నోట్లో వేసుకుంటే: ఈ గడిలో పట్నాయక్ గారు కాసేపు ఆగి 'వర్తించదు' అని రాశారు. చల్లదనం: ఉదయం ఆరు లోపల పరిశీలించవచ్చును.

"దీన్ని స్థానిక మంచు అందాం," అన్నారు జగన్నాథం గారు. ఆయనకి నవంబర్ నెలలోనే మంకీ క్యాపు కావాలి. హిమాలయం తప్పినందుకు ఆయన మొహంలో ఎంత ఆనందమో.

గుమ్మం దగ్గర గ్లాసు కింద పడింది.

"మళ్లీ ఉప్పేనా బాబూ?" అంది దాలమ్మ.

నేను వంగి గ్లాసు తీశాను. నా జీవితంలో వేసిన జోకులన్నిట్లోకీ అంత బాగా పేలింది, అంతగా తిరిగొచ్చి నాకే తగిలింది అదొక్కటే.

మే నెల రెండో వారంలో ప్రయోగం చేశారు. ఆఫీసులో విరిగిన బల్ల చీల్చి నాలుగు చెక్కలు చేయించారు. చేతికర్రలకి స్టోరులో పడున్న జెండా కర్రలు. పొద్దున్న ఆరింటికే వెళ్లాలి, కానీ పట్నాయక్ గారి లెక్కలో మంచి ముహూర్తం పదకొండుంబావుకి ఉంది. సర్క్యులర్‌లో 'తగు రక్షణ దుస్తులు' అన్నారు కాబట్టి జగన్నాథం గారు మంకీ క్యాపు, స్వెట్టరు, చేతులకి మేజోళ్లు తొడుక్కున్నారు. ఆ రోజు ఎండకి జీపు బానెట్ మీద దోసె పొయ్యొచ్చు.

మడుల్లో పనిచేసేవాళ్లు పారలు వదిలేసి చుట్టూ చేరారు.

"దొరగారికి ఏటైనాది సూరపా? జొరమా?"

"సెలవులో ఉన్నారు. మాట్లాడించకండి."

జగన్నాథం గారిని గుట్ట మీదికి ఇద్దరం మోసి ఎక్కించాం. పట్నాయక్ గారు కొబ్బరికాయ కొట్టారు. జగన్నాథం గారు "నిర్ణయశక్తి!" అని గట్టిగా అని ముందుకు వంగారు. తాడు తెగి ఎడమ చెక్క జారింది. సర్రున జారి, మడి దాటి, కాలవలో పడి, సముద్రం వైపు వెళ్లిపోయింది. దొరగారు మాత్రం ఉన్నచోటే మోకాళ్ల దాకా ఉప్పులో దిగబడ్డారు.

"పరికరము విజయవంతముగా గమ్యము చేరినది," అని పట్నాయక్ గారు అక్కడికక్కడే రాసుకున్నారు.

"నన్ను ముందు పైకి లాగండయ్యా! కాళ్లు మండిపోతున్నాయి!"

దాలమ్మే లాగింది. బిందెతో మంచినీళ్లు తెచ్చి ఆయన కాళ్లు కడిగింది. ఆయన ఆమె పాదాల వైపు ఒకసారి చూశారు, తర్వాత ఎటో చూశారు.

ఫోటోలు పైకి వెళ్లాయి. ఫోటోలో మండదు కదా, తెల్లటి కొండ మీద స్వెట్టరు వేసుకున్న అధికారి చక్కగా కనిపించాడు. పైఆఫీసు ఉబ్బితబ్బిబ్బైంది. స్థానిక వనరులతో మంచు సృష్టించిన తొలి కార్యాలయమని మమ్మల్ని మెచ్చుకుంటూ అన్ని జిల్లాలకీ ఉత్తరం వెళ్లింది. పక్క జిల్లా ధాన్యం ఆఫీసు వాళ్లు ఊక గుట్ట మీద జారి వారం రోజులు తుమ్మారు. పత్తి ఆఫీసు వాళ్లు పత్తిలోకి దూకితే ఒక గుమస్తా సాయంత్రం దాకా దొరకలేదు. పిండిమిల్లు తనిఖీ వాళ్లు అందరికన్నా అచ్చం మంచులో దొర్లినట్టు కనిపించారట, కానీ భార్యలు ఇళ్లలోకి రానివ్వలేదు.

ఇంత అయ్యాక జూన్ మొదట్లో మరో కాగితం వచ్చింది. చదివి జగన్నాథం గారు కుర్చీలో కూలబడ్డారు.

"నియమము పదిహేడు. సహజ మంచు స్థలమును తిరస్కరించనిదే ప్రత్యామ్నాయ స్థలమును ఖరారు చేయరాదు. సదరు తిరస్కరణను ఉద్యోగి ఒకరు సహజ మంచులో స్వయముగా నిలబడి, అది పనికిరాదని సంతకము చేసి, జూన్ ముప్పైలోగా పంపవలెను. ఇందుకు దూర నిబంధన వర్తించదు."

అంటే మంచు వద్దని చెప్పడానికి ఎవరో ఒకరు మంచు దాకా వెళ్లాలి. జగన్నాథం గారు పట్నాయక్ గారి వైపు చూశారు. పట్నాయక్ గారు పంచాంగం వైపు చూశారు.

ఈసారి నోరు పద్ధతిగా వాడాను.

"మా బావమరిది మిలిటరీలో ఉండేవాడండి. ఆ కనుమలో ఒకరోజు పొద్దున్న లేచి మీసం దువ్వుకున్నాడు. అప్పడంలా విరిగి చేతికొచ్చేసింది."

జగన్నాథం గారి చెయ్యి మీసం మీదికి వెళ్లింది.

"ముక్కు సంగతి చెప్పను లెండి. మీరు వెళ్లేవాళ్లు, భయపెట్టకూడదు."

"నేనెందుకు వెళ్తాను? ఇక్కడ స్థానిక మంచు బాధ్యత ఎవరు చూస్తారు? పట్నాయక్ గారూ, మీరు..."

"నాకు శూల ఉందండి!"

"అసలు రాయాల్సింది ఉప్పుకీ మంచుకీ తేడా కదండీ," అన్నాను. "ఉప్పు కాళ్లతో తెలిసిన మనిషి ఆఫీసులో ఒకరే ఉన్నారు. పైగా ఆవిడకి మీసం లేదు."

పది నిమిషాల్లో ఉత్తర్వు టైపైంది. మా ఆఫీసు చరిత్రలో అంత వేగంగా తీసుకున్న నిర్ణయం లేదు. జారకుండానే నిర్ణయశక్తి వచ్చింది. కోటేశు బస్సు బయల్దేరేది మంగళవారం.

"ఉత్తరానికి మంగళవారం శూల అన్నారు కదండీ?" అన్నాను.

పట్నాయక్ గారు చాలాసేపు పేజీలు తిరగేసి, గంభీరంగా తల ఎత్తారు. "వారశూల గెజిటెడ్, మినిస్టీరియల్ సిబ్బందికి మాత్రమే. నాలుగో తరగతి వాళ్లకి వర్తించదు."

బయల్దేరే ముందు ఫారం చేతికిచ్చారు. ముప్పై రెండు గడులు, అన్నీ ముందే నింపేశారు. మంచులో నిలబడి అడుగున సంతకం పెట్టి, ఫోన్‌లో ఫోటో తీసి పంపడమే పని. దాలమ్మ కూడబలుక్కుని చదవగలదు గానీ పట్నాయక్ గారి రాత ఆమెకి అంతుపట్టలేదు. బస్సు దగ్గర నన్ను అడిగింది.

"ఇందులో ఏటి రాసున్నాదిరా?"

"మంచు చూశాననీ, బాగోలేదనీ, మన ఉప్పే మంచిదనీ."

"నానింకా ఎల్లనేదు కదా. బాగోనేదని ముందే ఎలా తెలిసిపోనాది?"

"ఆఫీసు కదప్పా."

"సంతకం ఎట్టకపోతే?"

నేను దాచలేదు. పట్నాయక్ గారు ఆ ఉదయమే నాతో అన్నారు: సంతకం రాకపోతే ఆవిడ పెన్షన్ కాగితాలు తన బల్ల మీదే ముసలివైపోతాయని. అదే చెప్పాను. దాలమ్మ ఫారం మడిచి రవికలో పెట్టుకుంది. పాత స్వెట్టరు ఒకటి మా ఆవిడ ఇచ్చింది, అది సంచిలో కుక్కుకుంది. బస్సులో చివరి సీటు. కిటికీలోంచి తల బయటపెట్టి, "సూడనీరా ముందు. తరవాత సూద్దాం," అంది.

హరిద్వారం దగ్గర బస్సు పాడై మూడు రోజులు నిలిచిపోయింది. జగన్నాథం గారు రోజుకి నాలుగుసార్లు కోటేశుకి ఫోను. జూన్ ముప్పై వచ్చేసింది. ఆ రోజు పొద్దున్నే కనుమ ఎక్కుతున్నామనీ, ముందు వెయ్యి బళ్లు ఆగి ఉన్నాయనీ కోటేశు చెప్పాడు.

ఆ సాయంత్రమే మా ఆఫీసు ఆవరణలో సభ. షామియానా వేశారు. జాయింటు కమిషనర్ గారు వచ్చారు, స్థానిక మంచుని ప్రారంభించడానికీ, పనిలో పనిగా దాలమ్మ వీడ్కోలుకీ. వీడ్కోలు తేదీ మార్చడానికి వీల్లేదు కాబట్టి వేదిక మీద దాలమ్మ కుర్చీ వేసి ఉంచారు. చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లు, మడుల వాళ్లు నూరు మంది దాకా విసనకర్రలతో కూర్చున్నారు.

కార్యక్రమం వరసలో ముందు మంచు ప్రకటన, చివర పెన్షన్ కాగితాలు. నేను మధ్యాహ్నమే పట్నాయక్ గారి చెవిలో అన్నాను, "సాయంత్రం వర్జ్యం ఉన్నట్టు మా ఆవిడ అంటోందండి, చూశారా?" అని. వర్జ్యం అంటే శుభకార్యానికి పనికిరాని సమయం. ఆయన చూశారు. నాలుగూ నలభై నుంచి ఉండనే ఉంది. మా ఆవిడ పంచాంగం ఎన్నడూ చూడలేదు. నేను మటుకు పట్నాయక్ గారి సొరుగులోదే చూశాను. మంచు ప్రకటన ఎలాగూ దాలమ్మ ఫోను వచ్చేదాకా కుదరదు, దాంతో వీడ్కోలు ముందుకొచ్చింది. నాలుగున్నరకి జాయింటు కమిషనర్ గారు కాగితాల మీద సంతకం చేసి, కుర్చీకి దండ వేశారు, శాలువా కప్పారు. దాలమ్మ తరపున కవరు నేనందుకున్నాను. లోపలి బనీనులో పెట్టుకున్నాను.

నాలుగూ యాభైకి నా ఫోను మోగింది. కోటేశు నంబరు.

"స్పీకరు పెట్టండి," అన్నారు జాయింటు కమిషనర్ గారు. "సభాముఖంగా తిరస్కరణ తీసుకుందాం."

మైకు ముందు ఫోను పెట్టాను. గాలి హోరు, హిందీ కేకలు, మధ్యలో దాలమ్మ గొంతు.

"సూరపా! ఇంటన్నావేటిరా? సెప్పులిప్పేసినాన్రా! వొట్టి కాళ్లే!"

జగన్నాథం గారు మైకు లాక్కున్నారు. "దాలమ్మా, జాయింటు కమిషనర్ గారు వింటున్నారు. మంచులో నిలబడ్డావా?"

"నిలబడ్డాను బాబూ. పిక్కల దాకా దిగినాది."

"సంతకం పెట్టావా?"

"నేదు బాబూ."

"పెట్టి పంపు. ఇంకా పది నిమిషాలుంది."

"బాగుంది కదా బాబూ. బాగోనేదని ఎలా ఎట్టమంటారు?"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. జగన్నాథం గారి నుదుటి మీంచి చెమట మైకు మీద పడింది.

"ఏదో ఒక లోపం చెప్పు. చలిగా లేదూ?"

"ఉంది బాబూ. బాగుంది."

"కాళ్లు తిమ్మిరెక్కలేదూ?"

"ఎక్కినాయి. నొప్పి తెలడం నేదు. అరవై ఏళ్లలో ఇదే మొదులు."

పట్నాయక్ గారు ముందుకొచ్చారు. "దాలమ్మా, నీ పెన్షన్ కాగితాలు గుర్తున్నాయా?"

నేను బనీను మీద చెయ్యేసుకుని కవరు తట్టాను. ఆయన నన్ను చూశారు. నా చెయ్యి చూశారు. దండ వేసిన కుర్చీని చూశారు. పాపం, కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"అమ్మా," అన్నారు జాయింటు కమిషనర్ గారు. ఆయన గొంతు అధికారి గొంతులా లేదు. "నువ్వు సంతకం పెట్టకపోతే నియమం పదిహేడు ప్రకారం ఈ ఆఫీసు ఎక్కడికెళ్లాలో తేలదు. ఆలోచించుకో."

"ఆలోసించేదేటుంది బాబూ. ఇక్కడికే రండి. అందరూ రండి. కాళ్లు మండినోళ్లందర్నీ తెండి."

మడుల వాళ్లు కూర్చున్న వైపు విసనకర్రలు ఆగిపోయాయి.

ఆఫీసు గడియారం ఐదు కొట్టింది. అవతల గాలిలో ఆమెకి అది వినపడిందో, ఎవరినైనా టైమడిగిందో తెలియదు.

"ఐదయిపోనాది బాబూ. ఇంక నాను మీ మనిషిని కాదు. ఉంటాను. మాటల్లోనే బూట్లేసి చెక్కలు కట్టినాడు ఈ జారించీ ఆయన, పైకెక్కించేసినాడు."

కట్ చెయ్యడం ఆమెకి రాదు. ఫోను ఎక్కడ పెట్టుకుందో, గాలి చప్పుడు ఇంకా వస్తూనే ఉంది. ఎవరో మగాయన హిందీలో ఏదో చెబుతున్నాడు, జాగ్రత్త అని అయ్యుంటుంది. దాలమ్మ తెలుగులో తిడుతోంది.

"వొగ్గేయ్ నాయనా, నన్ను పట్టుకోకు! వొగ్గేయ్ అంతన్నాను!"

తర్వాత సర్రుమని చప్పుడు, దాని మీద ఒక పెద్ద కేక. భయమో, నవ్వో పోల్చుకోలేని కేక. సాగి, సాగి, ఇంకా సాగుతోంది. షామియానా కింద చెమటలు కక్కుకుంటూ నూరు మందిమి నోరు తెరుచుకుని వింటున్నాం. ఫోను ఆపమని జాయింటు కమిషనర్ గారు కూడా అనలేదు.